నైరుతి మూల ప్లాటు

దైవాధీనానికి అనుమానం పుట్టుకతో వచ్చింది. చిలకలపూడిలో భార్యకు గాజులు కొంటూ, ఇది అసలైన రోల్డుగోల్డేనా అని అడిగిన మనిషి ఆయన. కొట్టువాడు గాజులు మళ్ళీ లోపల పెట్టేశాడు.

ఆ బుద్ధి ఉద్యోగానికి మాత్రం అతికినట్టు సరిపోయింది. బందరులో మట్టి పరీక్షల ఆఫీసు ఆయనది. ఎవరైనా లేఅవుట్ వేస్తే నేలలోకి ఆగర్ దింపి లోపలి మట్టి పైకి తీసి చూస్తాడు, లెవెల్ మిషన్ పెట్టి పల్లం ఎటుందో చెబుతాడు. కృత్తివెన్ను వైపు చేపల చెరువులు పూడ్చి, పైన గ్రావెల్ పరిచి, తాతల నాటి మెరక అని బుకాయించినవాళ్ళను చాలామందినే పట్టుకున్నాడు. పట్టుకున్న రోజు ఇంటికి స్వీట్లు తెచ్చేవాడు.

ఇల్లంటే అద్దె ఇల్లే. అద్దె ఇళ్ళలోనే జుట్టు నెరిసింది. భార్య సీతామహాలక్ష్మి పోరగా పోరగా, గుడివాడ రోడ్డు పక్కన జగన్మోహనరావు వేసిన లేఅవుట్లో ఈశాన్యం మూల ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చాడు. ఇది తప్పిపోతే ఇంకోటి కొనే ఓపికా లేదు, వయసూ లేదు.

రిజిస్ట్రేషన్‌కు ముందు మూలమూలకీ ఆగర్ దింపాడు. కింద నల్లరేగడి, గట్టిగానే ఉంది. చెరువు బురద వాసన లేదు, నత్తగుల్లలు లేవు. నాలిక మీద వేసుకుంటే ఉప్పు తగల్లేదు. ఇంకొకరైతే సంతోషించేవారు. ఈయనకు అన్నం సహించలేదు. ఇంత బాగుందంటే ఎక్కడో మోసం ఉండి తీరాలి.

లెవెల్ మిషన్ పెట్టాక దొరికింది. లేఅవుట్ దాదాపు అంతా ఈశాన్యానికి వాలి ఉంది. మురుగు కాలువేమో నైరుతిలో ఉంది. వాన పడితే నీళ్ళన్నీ వచ్చి ఆయన ప్లాటులోనే తిష్ఠ వేస్తాయి. దొంగ దొరికాడన్న ఆనందంలో, ఇల్లు చేజారుతోందన్న దిగులు కూడా మరిచి నేరుగా జగన్మోహనరావు ఆఫీసుకు వెళ్ళాడు.

జగన్మోహనరావు అంతా విని, టీ తెప్పించాడు.

"మొదట కాలువ వైపుకే వాలు పెట్టానండీ," అన్నాడు. "వచ్చినవాళ్ళంతా దిక్సూచి తీసి, నైరుతి పల్లమా అని వెనక్కి తిరిగారు. అందరికంటే ముందు తిరిగింది మీరేనండి. మళ్ళీ మట్టి తోలించి వాలు మార్చాకే మీరు అడ్వాన్సు ఇచ్చారు."

దైవాధీనానికి గుర్తొచ్చింది. ఆ రోజు లెవెల్ మిషన్ తీసుకెళ్ళలేదు, దిక్సూచి ఒక్కటే జేబులో వేసుకెళ్ళాడు. లోకాన్నంతా అనుమానించినవాడికి వాస్తు మీద మాత్రం అనుమానం రాలేదు. సిగ్గేసి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

నైరుతి మూల ప్లాటు ఒక్కటి మార్చకుండా వదిలేశాననీ, అది కాలువకే వాలి ఉందనీ, ఎవరూ అడగట్లేదు గనక అడ్వాన్సు దానికి మార్చుకోమనీ జగన్మోహనరావు చెప్పాడు.

దైవాధీనం వెళ్ళి కొలిచాడు. చెప్పిందంతా నిజమే. మట్టి బాగుంది, వాలు బాగుంది. వాస్తు సంగతి తర్వాత, ఇల్లు పొడిగా ఉంటే చాలని సీతామహాలక్ష్మి కూడా ఒప్పుకుంది. సంతకం పెట్టడమే తరువాయి. సరిగ్గా అప్పుడే ఆయన బుద్ధి నిద్ర లేచింది. ఎవరూ కొననిది నాకే ఎందుకు అంటగడుతున్నాడు? అడ్వాన్సు వెనక్కి తీసుకుని బందరు వచ్చేశాడు.

మరుసటి ఏడు తుఫాను వాన వెలిసిన మర్నాడు, భార్యాభర్తలు గుడివాడలో పెళ్ళి చూసుకుని బస్సులో వస్తున్నారు. లేఅవుట్ ఈశాన్యం పక్కంతా మోకాలి లోతు నీళ్ళు. నైరుతి మూలన ఎవరిదో కొత్త ఇల్లు. వాకిట్లో చుక్క నీరు లేదు, తీగ మీద బట్టలు ఆరుతున్నాయి.

దైవాధీనం మెడ చాచి చూశాడు. అది తన ఇల్లు కావలసింది. అయినా నోరు ఊరుకోలేదు.

"ఆ ఇంట్లో ఏదో లోటు ఉండే ఉంటుంది."

సీతామహాలక్ష్మి కిటికీలోంచి అటే చూస్తోంది.

"ఉందండీ," అంది. "అందులో మనం లేం."