బ్యాంకాక్‌లో పనిచేయని సిమ్, పదో గల్లీలో మోగిన ఫోన్

దయ్యాలకి భయపడేంత తీరిక బొంబాయిలో మా కామాటిపురలో ఎవరికీ ఉండదు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే నాకు నలభై ఆరేళ్లొచ్చాయి. మనుషులు మనుషుల్ని ఏం చేస్తారో కిటికీలోంచి చూస్తూ పెరిగినదాన్ని. అంతకన్నా భయపెట్టే దయ్యం నాకింతవరకు ఎదురు కాలేదు. తాయెత్తు కట్టుకోను. గుమ్మానికి నిమ్మకాయ కట్టను.

అయినా ఇది రాస్తున్నానంటే కారణం కోపం. ఈ సంగతిని మా గల్లీలో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. ఎల్లమ్మ తల్లి పలికిందని కొందరు, పోయిన మా ఆయన పిలిచాడని కొందరు. విని విని విసుగొచ్చింది. మునిసిపల్ బడిలో ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకున్నాను కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

నా పేరు పద్మ. ఫోరస్ రోడ్డు మీద చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతాను. మా తాత పాలమూరు నుంచి రాళ్లు మొయ్యడానికి బొంబాయి వచ్చాడట. అప్పటినుంచి పదో గల్లీలో వరండా పొడుగునా ఒంటి గదులుండే ఒక చాల్‌లో, రెండో అంతస్తులో, ఒక్క గది మాది. అందులో ముగ్గురం ఉంటాం. మా అమ్మ నర్సమ్మ, నేను, నా కూతురు పూజ. మా ఆయన పోయి ఆరేళ్లు. అమ్మకి తెలుగు తప్ప ఇంకేదీ సరిగ్గా రాదు. పూజ కాలేజీకి పోతుంది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మరాఠీలోనే ఇస్తుంది. అమ్మమ్మని కూడా ‘ఆజీ’ అనే పిలుస్తుంది.

మా గది పైకప్పు సంగతి చెప్పాలి. చెక్క దూలాలు, వాటి మీద రాతి పలకలు, ఆపైన మూడో అంతస్తు గది. రెండు వానాకాలాల నుంచి పొయ్యి మీది దూలం నానుతోంది. వేలితో నొక్కితే బ్రెడ్డులా లోపలికి పోయేది. చాల్ మాలిక్, అంటే ఓనరు, అతని మనిషికి చెప్పాను. బిల్డింగు ఎలాగూ కూలగొట్టి టవర్ కడతారు కదా, ఇప్పుడు రిపేరెందుకన్నాడు. పాత బిల్డింగుల రిపేర్లు చూసే సర్కారు ఆఫీసుకి మూడుసార్లు పోయాను. ఒకసారి సాబ్ లేడు, ఒకసారి ఫారం తప్పు, ఒకసారి ‘వచ్చి చూస్తాం’. ఎవరూ రాలేదు. దూలం కింద నిలబెట్టడానికి రెండు ఇనప గుంజలైనా ఇవ్వండని అడిగాను. అవీ రాలేదు.

ఇలా ఉండగా పోయిన ఏడాది ఒక క్రీముల కంపెనీ వాళ్లు ముప్పై మంది పార్లర్ ఆడవాళ్లని నాలుగు రోజులు బ్యాంకాక్ తీసుకెళ్లారు. వాళ్ల సరుకు ఎక్కువ అమ్మినందుకు బహుమతి. నేను విమానం ఎక్కడం అదే మొదలు. వద్దనుకున్నాను. పూజే బలవంతం చేసింది. “మమ్మీ, జా నా! ఆజీని నేను చూసుకుంటా” అని ఆ ఒక్కసారి సగం తెలుగులో చెప్పింది.

అమ్మ ఒకటే షరతు పెట్టింది. “రోజూ ఫోన్ చెయ్యాలె. చెయ్యకుంటే ముద్ద ముట్ట.”

చేస్తానన్నాను. ఎంత తేలికగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా ఇండియా నంబరుకి విదేశీ ప్యాకు వేయించే బయల్దేరాను. అక్కడ దిగాక అది పనిచెయ్యలేదు. దాన్ని మొదలుపెట్టాలంటే మెసేజీలో ఒక నంబరొస్తుంది, అది కొట్టాలట. నెట్‌వర్కే లేనప్పుడు మెసేజీ ఎలా వస్తుంది? ఆ ఏర్పాటు చేసిన మహానుభావుడు ఎవడో ఎప్పుడూ ఇల్లు దాటి ఉండడు. ఎయిర్‌పోర్టులో సిమ్‌లు అమ్మే కౌంటర్లు వరసగా కనిపించాయి. ఆగుదామంటే మా టూర్ లీడర్ “హోటల్లో వైఫై ఫ్రీ మేడమ్, బస్సెక్కండి” అని తరిమాడు. ఆ వైఫై కింద లాబీలో సోఫా పక్కన తప్ప ఎక్కడా అందలేదు. అందినా రెండు నిమిషాలకోసారి ఊడిపోయేది. మొదటి రోజు ‘చేరాను’ అన్న ఒక్క మాట పంపగలిగాను.

రెండో రోజు మధ్యాహ్నం లాబీలో నిలబడి ఫోన్ తెరిస్తే పూజ దగ్గర్నుంచి ఒక ఫోటో వచ్చి ఉంది. కింద ‘మమ్మీ, హే బఘ్’ అని రాసింది. ఇది చూడు అని. ఫోటో తెరుచుకోలేదు. బూడిద రంగు గడి, మధ్యలో తిరిగే చక్రం. ఆ గడిలో కింది మూల మా పొయ్యి గట్టు లీలగా పోల్చుకున్నాను. పైన ఏముందో తెలియలేదు. వైఫై పోయింది. మళ్లీ రాలేదు.

నాకు తెలిసిపోయింది, అది దూలం ఫోటో.

పరేల్‌లో పార్లర్ ఉన్న వర్ష అని నా గదిలోనే దిగిన మరాఠీ ఆమె నాతో వచ్చింది. ఆమె ఫోన్‌లోనూ నెట్ లేదు. హోటల్‌కి రెండు వీధుల అవతల గాజు కౌంటర్ ఉన్న చిన్న కొట్టు దొరికింది. టూరిస్టు సిమ్ అని బోర్డు. లోపల ఒక మనిషి, వెనక పరదా, పరదా వెనక ఇంకో మనిషి.

“నో ప్రాబ్లమ్ సిస్టర్, టెన్ మినిట్” అన్నాడు.

నా పాస్‌పోర్టు ఫోటో తీసుకున్నాడు. మా ఇద్దరి ఫోన్లలోనూ కొత్త సిమ్‌లు వేశాడు. పది నిమిషాలన్నది ముప్పావు గంటయింది. నెట్‌వర్క్ గీతలు రాలేదు. ఫోన్ ఆపాడు, తెరిచాడు, ఆపాడు. నా పాత సిమ్ తిరిగి ఇమ్మన్నాను, ఇండియా ఫోన్‌కాలైనా తగులుతుందేమోనని. అప్పుడతను నా ఫోన్ ఆపేసి, సిమ్ ట్రే బయటికి లాగి, ఫోన్‌ని అలాగే గాజు మీద పెట్టాడు. నా పాత సిమ్, కొత్త సిమ్ రెండూ పట్టుకుని పరదా వెనక్కి వెళ్లాడు. ఇక రాడు. లోపల ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు, ఒకడు నవ్వాడు.

ఆ నవ్వుతో నాకు తిక్క రేగింది. కోపమొస్తే నా నోట హిందీ రాదు, మరాఠీ రాదు. గాజు మీద రెండు చేతులతో కొట్టి అరిచాను.

“ఇద్దరూ బయటికి రండి! లోపలేం చేస్తున్నరు? అక్కడ మా ఇల్లు కూలుతుంటే నవ్వులాటనా మీకు? రండి బయటికి! ఇద్దరూ ఇప్పుడే బయటికి రండి!”

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. వర్షకి అది తమాషాగా అనిపించి తన ఫోన్‌లో వీడియో తీసింది. నాకు సిగ్గనిపించలేదు. ఆ కొట్టు గోడ గడియారంలో మూడూ పది.

ఇద్దరూ బయటికొచ్చారు. సిమ్‌లు ఇచ్చారు. కొత్తది చివరిదాకా పనిచెయ్యలేదు. నేను వాళ్లని తిట్టుకుంటూ హోటల్‌కి వచ్చి, లాబీ సోఫా పక్కన నేల మీద కూర్చుని ఫోన్ పైకి పట్టుకున్నాను. చాలాసేపటికి నెట్ తగిలింది. ఒక్కసారిగా మెసేజీలు కురిశాయి. పూజ పద్నాలుగుసార్లు ఫోన్ చేసింది.

నేను చేస్తే వెంటనే ఎత్తింది. ఏడుపులో దానికి తెలుగే వచ్చింది. “మమ్మీ, పైకప్పు పడిపోయింది. మొత్తం. పొయ్యి మీద, మంచం మీద. మేం బాగున్నం.”

అమ్మ ఫోన్ లాక్కుంది.

“నువ్వు పిలువకుంటే మేమిద్దరం ఆ రాళ్ల కిందనే ఉంటుంటిమి బిడ్డా.”

“నేనెప్పుడు పిలిచిన?” అన్నాను.

“ఇంకెవరు పిలిచిండ్రు? లోపలేం చేస్తున్నరు, ఇద్దరూ బయటికి రండి అని అంత గనం ఒర్లితివి గదా. నీకేమైందోనని నాకు కాళ్లు చేతులు ఆడలె.”

ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, నేను చేసిన కాల్స్ జాబితా తెరిచి చూశాను.

బొంబాయి తిరిగొచ్చాక వాళ్లిద్దర్నీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ చెప్పింది ఒకటే. అమ్మ పొయ్యి దగ్గరుంది. పూజ పొద్దున దూలంలో కొత్త పగులు చూసి నాకా ఫోటో పంపి, పరీక్ష రాసొచ్చి అటక మీద పడుకుంది. అమ్మ ఫోన్ మోగింది. తెర మీద నా పేరు, నా ఫోటో. ఎత్తితే నా గొంతు, పట్టరాని కోపంతో. గదిలో మాట సరిగ్గా వినపడదు కాబట్టి ఫోన్ మాట్లాడటానికి బయట వరండాలోకి పోవడం మాకు మామూలే. కానీ ‘ఇద్దరూ’ అన్నానని అమ్మ పూజ కాలు పట్టుకుని గుంజి లేపింది. వరండాలోకి వచ్చి ‘హలో, హలో’ అంటుండగా ఫోన్ కట్టయింది. సిగ్నల్ కోసం మెట్ల దాకా పోయారు. రెండు మూడు నిమిషాలు గడిచాయో లేదో దూలం విరిగింది. పై గదివాళ్లు ఊరికి పోయి ఉన్నారు గనక ఎవరికీ ఏమీ కాలేదు.

అమ్మ ఫోన్‌లో ఆ కాల్ ఉంది. వాట్సాప్‌లో నా పేరు మీద, మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి. బ్యాంకాక్ టైము మనకన్నా గంటన్నర ముందు. అంటే అక్కడ మూడూ పది. నా ఫోన్‌లో అలాంటి కాల్ ఏదీ లేదు. వర్ష తీసిన వీడియోలో నేను గాజు కొడుతుంటే పక్కనే నా ఫోన్ కనిపిస్తుంది. తెర నల్లగా ఉంది, ట్రే బయట ఉంది. అందులో సిమ్ లేదు, ప్రాణం లేదు.

నాగ్‌పాడాలో ఫోన్లు బాగుచేసే ఇమ్రాన్‌భాయ్‌కి రెండు ఫోన్లూ చూపించాను. తెలివైన మనిషి, ఊరికే మాట్లాడడు. గంటసేపు చూశాడు. మెసేజీ ఆలస్యంగా రావచ్చు గానీ మాట్లాడే కాల్ ఆలస్యంగా రాదన్నాడు. ఆపేసిన ఫోన్ నుంచి అసలే పోదన్నాడు. “దీదీ, దీన్ని వదిలెయ్యండి” అని ఫోన్లు నా వైపు తోశాడు.

అమ్మకి ఇదంతా అర్థం కాదు. నా మీద అలిగింది కూడా. “పిలిచి పానం కాపాడి, పిలువలేదని ఎందుకంటున్నవే?” అంటుంది.

మాలిక్ మనిషి నాలుగో రోజుకి వచ్చాడు. రాళ్ల గుట్టని చూసి, చేతులు పైకెత్తి, అంతా పైవాడి దయ, దేవుడే కాపాడాడు అన్నాడు. ఇరుగుపొరుగు తలలూపారు. ఎవరో కొబ్బరికాయ కూడా తెచ్చారు.

“దేవుడి పని దేవుడు చేసిండు. నీ పని నువ్వెప్పుడు చేస్తవు?” అన్నాను. “ఈసారి ఎవరికి ఫోన్ రావాలె? కింది గదివాళ్లకా? వాళ్లకి రాకుంటే?”

ఇదే నా అసలు కోపం. నాకు జరిగింది అద్భుతమైతే, అది అందరికీ చాలా సౌకర్యంగా దొరికిన అద్భుతం. దాని పేరు చెప్పి మాలిక్ తప్పించుకున్నాడు, ఆఫీసు తప్పించుకుంది. ఇప్పుడు మేం ఫోరస్ రోడ్డులో అద్దె గదిలో ఉంటున్నాం. పదో గల్లీలో ఆ చాల్ అలాగే ఉంది. అందులో ఇంకా పదకొండు కుటుంబాలు వండుకుంటున్నాయి, పడుకుంటున్నాయి. నేను ప్రతి సోమవారం పార్లర్ మూసి ఆ ఆఫీసు ముందు కూర్చుంటున్నాను. అక్కడివాళ్లు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు. ఈమధ్యే మెట్ల కింద మాత్రం రెండు గుంజలు నిలబెట్టారు.

ఇన్నాళ్లూ నాకు నేను ఒక రకంగా సర్దిచెప్పుకున్నాను. మనకి తెలియని దారి ఏదో ఉంటుంది, నా అరుపు ఎలాగో అక్కడికి చేరి ఉంటుంది. మిషన్లు కదా, ఏమైనా చేస్తాయి.

పోయిన వారం అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ మాటల్లో అంది. “గ్యాస్ బంద్ చేసి రమ్మన్నవు, మంచిదయింది. లేకుంటే రాళ్లు సిలిండర్ మీద పడితే బిల్డింగంత లేస్తుండె.”

“గ్యాసా? గ్యాస్ మాట నేనెప్పుడన్న?”

“చివర్లనే, మేం ఇంక గదిల ఉండంగనే. అంతసేపు ఒర్లి, ఒక్కసారి మెల్లగ అయితివి. ‘అమ్మా, గ్యాస్ బంద్ చేసి రా’ అంటివి. చేసి వచ్చిన.”

వర్ష వీడియో ఆ రాత్రి మళ్లీ పెట్టి చూశాను. మొదటి అరుపు నుంచి ఆ ఇద్దరూ పరదా తొలగించుకుని బయటికి వచ్చేదాకా ఉంది. ప్రతి మాటా వినపడుతుంది. ఎక్కడా నేను గొంతు తగ్గించలేదు. అమ్మా అనలేదు. గ్యాస్ ఊసే లేదు.

మిగతా మాటలన్నీ నావే, ఒప్పుకుంటాను. ఆ ఒక్క మాట నాది కాదు. నా గొంతుతో మా అమ్మని ‘అమ్మా’ అని పిలిచింది ఎవరో నాకు తెలియదు.