కుందుర్పిలో నేర్చుకున్న శెనక్కాయల పాలు

కుందుర్పిలో నేను నా చేత్తో శెనక్కాయల పాలు తీసి, కూరగాయల గిన్నెలో పోసి పెడితే ముప్పై మంది తిని, కడగాల్సిన పని లేకుండా గిన్నెలు నాకి పెట్టినారు. డెబ్బై మూడేళ్ల వయసులో ఇంత పేరు రావడం మాటలు కాదు. పోదలుచుకున్న వాళ్లకు పనికొస్తుందని ఆ ప్రయాణం రాస్తున్నాను.

కారణం మా ఇంటామె. పాలు, పెరుగు ముట్టొద్దని డాక్టరు చెప్పి నెల దాటింది. అప్పట్నుంచి రెండు ముద్దలు తిని లేచిపోతోంది. చిక్కి సగమైంది. పెరుగంత కమ్మటిది ఏదైనా పెట్టకపోతే మనిషి దక్కదని నాకు భయం పట్టుకుంది. కుందుర్పిలో మా చెల్లెలు లక్షుమ్మ శెనక్కాయలతో పాలు తీస్తుందని విని, రేపొస్తున్నానని ఫోన్ చేసినాను.

పొద్దున ఆరున్నరకు అనంతపురంలో కళ్యాణదుర్గం బస్సెక్కినాను. కండక్టరు నా దగ్గర దుడ్లు తీసుకుని, పక్కన మూటతో కూర్చున్నామెకు ఊరికే టికెట్టు ఇచ్చినాడు.

"ఆడోళ్లకు ఫ్రీ గదన్నా, నువ్వూ కోక కట్టుకోని రాకపోతివా" అని నవ్విందామె. పెండ్లానికి వండి పెట్టేదానికి వంట నేర్చుకోను పోతున్నానంటే నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇన్నేండ్లకా?" అనింది.

ఎనిమిదింబావుకు కళ్యాణదుర్గం. బస్టాండు ఎదురు హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ. దానిమీదికి ఓ కప్పు పెరుగు. పెరుగు లేనిది నాకు ఏ పూటా తిన్నట్టుండదు. తొమ్మిదికి కుందుర్పి బస్సు. దారి పొడుగునా దున్ని పెట్టి వాన కోసం చూస్తున్న ఎర్ర చేన్లు. పదిన్నరకు లక్షుమ్మ ఇంట్లో ఉన్నాను.

రాత్రే నానేసిన పచ్చి శెనక్కాయ విత్తనాలు గిన్నెలో తయారుగా ఉన్నాయి. "నాకు తెలీనిదా" అని నేను వాటిని పక్కకు జరిపి, డబ్బాలోంచి ఎండువి తీసి దోరగా వేయించినాను. మా సీమలో శెనక్కాయ కంటబడితే చేయి పెనం వైపే పోతుంది. పొట్టు ఊది, మిక్సీలో వేసి నీళ్లు పోస్తే ఎర్రగా ముద్దయింది.

"ఏమన్నా, ఇది పచ్చడి, ఊరుబిండి. పాలు యాడుండాయి దీంట్లో? మిరక్కాయొకటే తక్కువ" అనింది లక్షుమ్మ.

"నీకెవరు నేర్పినారు?" అని ఉక్రోషంగా అడిగినాను.

"ఎవురు నేర్పేది? మేత లేక పాలిచ్చే ఎనుమును అమ్మేసినాము. కమ్మగా తినల్లని నాలుకకు ఉంటాది గదా. చెడగొట్టుకుంటా చెడగొట్టుకుంటా నేర్చుకున్నా."

నానిన విత్తనాలను నలిపి పొట్టంతా తీసేయాలి, ఉంటే వగరు. అల్లం, పచ్చిమిరపకాయ వేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ వెన్నలాగా రుబ్బాలి. సన్న మంట మీద కలుపుతూనే ఉండాలి. ఆ కలిపే పని నాకు అప్పగించింది. కిటికీలోంచి అటు చూసినానో లేదో, "అడుగంటుతాది, ఈడ చూడు" అని కసురుకుంది. పచ్చివాసన పోయి గరిటెకు పట్టుకున్నాక దించి, ఉప్పు, నిమ్మరసం. వేడి కొర్రన్నం మీద ఉడికించిన మటిక్కాయలు, అదే గోరుచిక్కుళ్లు, గుమ్మడి ముక్కలు పరిచి, పైన ఈ చిక్కటి పాలు. మీగడలాగా జారింది. తిన్నాక అలవాటు కొద్దీ "పెరుగు లేదామ్మా?" అన్నాను. లక్షుమ్మ నన్నొక చూపు చూసి గిన్నెలు ఎత్తుకుపోయింది.

ముప్పై మంది అన్నాను గదా. ముగ్గురం: లక్షుమ్మ, ఆమె మొగుడు, నేను. గిన్నె నాకింది నేనొక్కణ్ణే. నేను వేయించి రుబ్బిన ముద్దలో మిరక్కాయ నూరి కలిపి, రాత్రి సంగటికి దాచుకున్నారు.

మూడు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. నానిన విత్తనాలు తడిగుడ్డలో మూటకట్టి ఇచ్చింది. ఒళ్లో పెట్టుకుంటే కళ్యాణదుర్గం దాటేసరికి పంచె తడిసింది. "ఏమప్పా పెద్దాయనా, బస్సు ఆపమంటావా?" అన్నాడు వెనక సీటాయన. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వినాను.

ఏడు గంటలకు ఇల్లు. ఈసారి పెనం జోలికి పోలేదు, పొయ్యి ముందునుంచి కదల్లేదు. ఇద్దరికీ అదే వడ్డించుకుని ఎదురెదురుగా కూర్చున్నాం. మా ఇంటామె మొత్తం తిని, ఇంకోసారి పెట్టించుకుంది.

గిన్నె నిండా పోసినాను. ఇక ఊరుకుంటానా? "చూసినావా, పెరుగు లేక తిండి మానేస్తివి. నేను కుందుర్పి దాకా పోయి మందు తెచ్చినా" అన్నాను.

"పెరుగు లేక కాదప్పా" అనింది ఆమె వేలు నాకుతూ. "నెల్లాళ్లుగా నా ఎదురుగ్గా కూచోని గిన్నెడు పెరుగు జుర్రుకుంటాండావు. అది సూడలేక లేచిపోతాంటి. ఈ పొద్దు నీ ముందర ఆ గిన్నె లేదు, తిన్నా."