రుయి చేప పొలుసు

బెంగాల్లోని ఖిదిర్‌పూర్ ఓడల డాక్ వెనక సందుల్లో ప్రేమకుమారికి మొండి మనిషన్న పేరు. ఆ మొండితనం తండ్రి నుంచి వచ్చిందని తల్లి తవిటమ్మ అంటుంది. తండ్రి బైరాగి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, బతికినంతకాలం ఓడల్లో బస్తాలు మోశాడు. కూతురు జంతుశాస్త్రం చదువుకుని, దగ్గర్లోని, చిన్న తరగతులు కూడా ఉన్న హిందీ మీడియం హైస్కూల్లో సైన్సు టీచరైంది. బడిలో బెంగాలీ, బిహారీ, తెలుగు పిల్లలు కలిసే చదువుతారు. అందరికీ ఆమె దిదిమణి, అంటే టీచరమ్మ.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఆహారపు గొలుసు పాఠం చెబుతుంటే పూజిత అనే అమ్మాయి లేచింది.

"దిదిమణి, ఇదంతా పరీక్షలో రాస్తాం సరే. నిజంగా ఎక్కడైనా ఉంటుందా?"

ప్రేమకుమారికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు క్లాసు మొత్తాన్నీ బడి వెనక చెరువు దగ్గరికి తీసుకెళ్లింది. చెరువంటే పేరుకే. నడిమధ్య కాస్త నీళ్లు తప్ప అంతా గుర్రపు డెక్క, ఒడ్డంతా పాలిథిన్ సంచులు. మైక్రోస్కోపు కింద ఒడ్డునీటి చుక్క పెడితే కదిలేది ఏదీ కనబడలేదు. నడిమధ్య మాత్రం అప్పుడప్పుడు ఒక చేప నోరు తెరుచుకుని పైకి తేలేది.

"అదేం చేస్తోంది?" అని పిల్లలు అడిగారు.

"గాలి కోసం కొట్టుకుంటోంది. ఆకులు వెలుతురు లోపలికి పోనివ్వవు. కిందపడి కుళ్లిన ఆకు నీళ్లలో ఉన్న గాలినంతా తినేస్తుంది. ఇప్పుడు మనమేం చేద్దాం?"

శనివారాలు గుర్రపు డెక్క పీకడం మొదలైంది. ప్రేమకుమారి ఒక షరతు పెట్టింది. సగం చెరువే బాగుచేయాలి, మిగతా సగం అలాగే వదలాలి. లేకపోతే మార్పు మనవల్లే వచ్చిందని ఎలా తెలుస్తుంది? వర్షాలు వెళ్లి చలికాలం వచ్చేసరికి బాగుచేసిన వైపు నీటిచుక్కలో చిన్నచిన్న జీవాలు ఈదసాగాయి. తర్వాత తూనీగ పిల్లలు కనబడ్డాయి, వాటి వెంట లకుముకి పిట్ట వచ్చింది. పుస్తకంలోని గొలుసు పిల్లల కళ్లముందే ఒక్కో లంకె కలుపుకుంది. అప్పుడే రెండో సగమూ శుభ్రం చేశారు.

ఎండలు ముదురుతుండగా రాళ్లూ మట్టీ నింపుకుని లారీలు వచ్చాయి. ఆ స్థలం కొన్నానంటున్న బిల్డరు, అది చెరువే కాదనీ, వానకి నిలిచి వేసవిలో ఎండిపోయే పల్లమనీ, పూడ్చుకోనివ్వమని భూముల ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నాడు. జవాబు రాకముందే ఒక మూల పూడ్చేశాడు.

హెడ్‌మాస్టరు జగన్మోహన్ ఆమెను గదిలోకి పిలిచారు. "ఈ గొడవ మనకెందుకమ్మా? సిలబస్ చూసుకో."

"నేను చెబుతున్నది సిలబస్సే సార్. పిల్లలు నేర్చుకున్న చోటే రాళ్లు పోస్తున్నారు."

ఇంట్లో తల్లిదీ అదే పాట. "ఒలే, ఆళ్ల లారీకి అడ్డం ఎల్తే ఉజ్జోగం ఉంతాదేటే?"

"పోతే పోనియ్యే అమ్మా. ఆ పిల్లల మొగం సూసి పాటం ఉత్తిదని సెప్పమంటావేటి?"

మర్నాడు పిల్లల్ని బడి వరండాలోనే కూర్చోబెట్టి, బ్లాక్‌బోర్డు మాత్రం లారీ వచ్చే దారికి అడ్డంగా నిలబెట్టింది. దాని పక్కన నిలబడి పాఠం మొదలుపెట్టింది. లారీ డ్రైవరు తల బయటికి పెట్టాడు.

"దిదిమణి, జరగండి."

"క్లాసు నడుస్తోంది దాదా. గంట కొట్టేదాకా ఆగు."

అతను ఇంజన్ ఆపేశాడు. గంట కొట్టారు. తొమ్మిదో తరగతి లేచింది, ఎనిమిదో తరగతి వచ్చి కూర్చుంది. ఆమె బోర్డు తుడిచి కొత్త పాఠం ఎత్తుకుంది. డ్రైవరు నవ్వుకుని లారీ వెనక్కి తిప్పాడు.

ఆ వారంలోనే భూముల ఆఫీసు నుంచి తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ఈ నీళ్లు ఏడాది పొడవునా ఉంటాయా లేదా, ఆయన తేల్చాల్సింది అదొక్కటే. తెలుగువాళ్లు శీలావతి అనే రుయి చేప పొలుసొకటి పూజిత మైక్రోస్కోపు కింద పెట్టి చూపించింది.

"ఇది ఈ చెరువులో రుయి చేపది సార్. ఏడాదికోసారి చేప ఎదుగుదల మందగిస్తుంది. అప్పుడు పొలుసు మీద గీతలు దగ్గరపడి వలయంలా కనిపిస్తాయి. లెక్కపెట్టండి."

"నాలుగు," అన్నాడాయన. వెంటనే తల ఎత్తాడు. "బజార్లో కొన్న చేప కాదని ఏం నమ్మకం?"

అనుమానాన్ని పరీక్షించి తీర్చుకోవడం పూజితకు ఆ చెరువు ఒడ్డునే అలవాటైంది. "అయితే మీ మనిషి చేతే వల వేయించండి సార్."

ఆయన తనకు తెలిసిన జాలరిని పిలిపించాడు. మొదటిసారి వలలో చెత్తే వచ్చింది. బిల్డరు మనుషులు నవ్వారు. ప్రేమకుమారి చేతులు కట్టుకుని నిలబడింది. రెండోసారి వల బరువుగా లేచింది. అధికారి తానే ఆ రుయి చేప నుంచి పొలుసు తీసి, లెన్సులోకి వంగి చాలాసేపు చూశాడు.

"ఎండే పల్లమైతే ఇది ఇన్నేళ్లు బతకదు," అన్నాడు చివరికి.

పూడ్చడం ఆపమని ఉత్తర్వు వచ్చింది. బిల్డరు కోర్టుకెళ్లాడు. కేసింకా నడుస్తోంది. పూడిన మూల మీద రాళ్లను ఆదివారాలు పిల్లల తల్లులు తట్టలతో ఎత్తిపోస్తున్నారు. తవిటమ్మ కూడా వెళుతుంది, వద్దంటే వినదు.

బడి కమిటీ మాత్రం ఊరుకోలేదు. క్షమాపణ రాసివ్వమంది.

"నేను చేసిన తప్పేమిటో ముందు మీరు రాయండి సార్. దాని కింద సంతకం పెట్టాలో లేదో చూస్తాను," అంది ప్రేమకుమారి.

ఎవరూ రాయలేదు. ఆమెను పెద్ద క్లాసుల నుంచి తప్పించి మూడో తరగతికి వేశారు. సైన్సు టీచరుకు అది అవమానమే, అవమానించాలనే చేశారు కూడా. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదని తల్లి చెబుతుంది.

సోమవారం మూడో తరగతికి వెళ్లి, పిల్లల్ని చెప్పులు వేసుకోమని చెప్పి, వరసలో నిలబెట్టి చెరువు దారి పట్టించింది. వరండాలో జగన్మోహన్ ఎదురయ్యారు. పిల్లలు పోవడానికి గోడవైపు జరిగి దారిచ్చారు.