అక్క మరిచిపోయిన సంగతి

కరీంనగర్‌లో సైకాలజీ ఎం.ఏ. చదివేటప్పుడు ప్రాజెక్టు కోసం ఒక సర్వే చేయాల్సి వచ్చింది. చిన్ననాటి సంగతి ఏదైనా పూర్తిగా మరిచిపోయి, ఏళ్ల తర్వాత గుర్తుకొచ్చిందా అన్నదే అందులో అసలు ప్రశ్న. బయటివాళ్లను అడగడానికి మొహమాటపడి, ముందు చొప్పదండిలో మా ఇంటివాళ్ల మీదే పడ్డాను. మా ఇంట్లో అమ్మ అంటే అవ్వ, నాన్న అంటే బాపు.

అక్క వెంటనే అవునంది. బాపు దుబాయ్ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు, ఎవరో వచ్చారని ఏడ్చి వడ్లు నిల్వచేసే గుమ్మి వెనక దాక్కుందట. ఇన్నేళ్లూ ఆ సంగతే మనసులో లేదట. మొన్న బావ దుబాయ్ నుంచి రాగానే తన మూడేళ్ల బిడ్డ బీరువా వెనక దూరితే, అప్పుడు గుర్తుకొచ్చిందట. నాకు పండగే! పుస్తకాల్లో చదివింది మా ఇంట్లోనే దొరికింది.

చాయ్ తెచ్చిన అవ్వ నా సంబరం మీద నీళ్లు చల్లింది. వద్దన్న చోటే మా అవ్వకు జ్ఞాపకశక్తి ఎక్కువ.

"ఎన్నడు మర్శినవే? బాపు వచ్చినప్పుడల్లా గదే ముచ్చట జెప్పి నవ్విస్తుంటివి. నీ పెండ్లిల గూడ జెప్పినవ్."

"నేనా? ఎన్నడు జెప్పలే!"

అక్క అబద్ధమాడే మనిషి కాదు. చెప్పానన్న సంగతే మరిచిపోయింది. నా సర్వేలో ఇలాంటి 'అవును'లు ఇంకెన్ని వస్తాయోనని గుబులు పుట్టింది. "అయితే కాదు అని రాస్త అక్కా" అని పెన్ను తీశాను.

అక్క నా చేయి పట్టుకుంది. వాకిట్లో బావ బిస్కెట్ ప్యాకెట్ చూపించి బిడ్డను బతిమాలుతున్నాడు. అది దగ్గరికి రానంటోంది. శుక్రవారం ఆయన మళ్లీ విమానం ఎక్కాలి.

"మర్శిపోయిన అనే రాయే. నేను మర్శిపోయిన్నంటెనే గదా, రేపు అది గూడ మర్శిపోతది. లేకుంటె వాళ్ల డాడీ అంటె దానికి గిదే యాదుంటది."

నాకు ఏడుపొచ్చింది. 'అవును' మీద టిక్కు పెట్టాను. ఆ కాగితాన్ని మాత్రం సర్వేలో కలపలేదు.

అప్పటిదాకా పేపరు చదువుతున్న బాపు తల ఎత్తి అక్కను చూశాడు. "నాకైతే గసొంటిదేం యాదికి లే బిడ్డా. నువ్వు ఉరికొచ్చి నా మెడ వట్టుకున్నవ్, గంతే."

అవ్వ ఆయన వైపు ఒకసారి చూసింది. ఈసారి మాత్రం నోరు మెదపలేదు.