పడుకుంటే తగ్గని నొప్పి

మా పీఈటీ సార్ పోయారు. పోయిన బుధవారం మొదటి పీరియడు మధ్యలో స్టాఫ్ గ్రూపులో కబురు వచ్చింది. పొద్దున్నే నడకకు వెళ్ళివచ్చి, కాఫీ అడిగి, అది వచ్చేలోగా వెళ్ళిపోయారట. గుండెపోటు. ఆయన రిటైరై నాలుగేళ్ళయింది. గ్రూపులో వరసగా దండాల బొమ్మలు పడుతుంటే, నేను ఎనిమిదో తరగతి పిల్లలకు మ్యాపులో నదులు గుర్తించే పని ఇచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను.

ఆయనది వంగిన వెన్ను. ఆటలు నేర్పే మాస్టారికి వెన్ను వంగి ఉండటమేమిటని ఈ స్కూల్లో చేరిన మొదటిరోజు నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. మెడ తిరగదు కాబట్టి ఎవరు పిలిచినా మనిషి మొత్తంగా తిరిగి చూసేవారు. సార్ లారీలాగా తిరుగుతారని పిల్లలు చాటుగా అనుకునేవాళ్ళు. ఒకసారి అది ఆయన చెవిన పడింది. "లారీ అయితే హారన్ ఉండాలి గదరా" అని వాళ్ళ వెనకే చేరి విజిల్ ఊదారు.

ఆయన నాకేమయ్యారో చెప్పాలంటే నా నడుము సంగతి చెప్పాలి. బాబు పుట్టిన ఏడు నెలలకు, ప్రసవం సెలవు అయిపోయి తిరిగి స్కూల్లో చేరాను. అప్పటికే నడుం నొప్పి. జగ్గయ్యపేటలో ఎక్స్‌రే తీయిస్తే ఎముకలు బాగానే ఉన్నాయి, విశ్రాంతి తీసుకోమన్నారు. మా పుట్టిల్లు వత్సవాయిలో అమ్మ ఆముదం రాసి కాపడం పెట్టేది. "ఏడాది దాకా బాలింత కిందే లెక్క, నడుం వాల్చవే" అని ఒకటే పోరు. నేనూ వాల్చాను. వాల్చిన కొద్దీ బిగుసుకుపోయింది. పొద్దున మంచం దిగి మామూలు మనిషిని కావడానికి గంట పట్టేది.

ఒకరోజు నేను స్టాఫ్ రూమ్‌లో కుర్చీలోంచి లేవలేక లేవడం సార్ చూశారు.

"ఏమ్మా, ఆ నొప్పి పడుకుంటే తగ్గుద్దా, తిరిగితే తగ్గుద్దా?"

"తిరిగితేనే సార్. మధ్యాహ్నానికి కాస్త నయం."

"తెల్లారుజామున నొప్పికి మెలకువొస్తందా?"

"వస్తంది సార్."

"అయితే ఇది బాలింత నడుం కాదు. రేపు సెలవు పెట్టు, మీ ఆయన్ని కూడా రమ్మను. బెజవాడ పోదాం."

అన్ని నెలల్లో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. అందరూ ప్రేమగా పడుకోమన్నవాళ్ళే.

విజయవాడలో కీళ్ళవాతం చూసే స్పెషలిస్టు రక్తపరీక్ష, ఎమ్మారై చేయించి పేరు చెప్పారు. యాంకైలోజింగ్ స్పాండిలైటిస్. ఒంటిని కాపాడాల్సిన బలగమే దారితప్పి వెన్ను కీళ్ళ మీద పడుతుందట. పూర్తిగా పోయేది కాదు, అదుపులో పెట్టుకోవాల్సింది. నేను బయటికి వచ్చి ఏడ్చాను. సార్ ఓదార్చలేదు. "ఏడవడం అయ్యాక చెప్పు, టీ తాగుదాం" అన్నారు.

టీ దగ్గర ఆయన కథ చెప్పారు. "నాకూ ఇదే. ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకి మొదలైంది. కదలొద్దంటే కదలకుండా పడుకున్నా. జబ్బు పేరు తెలిసేటప్పటికి పదేళ్ళు పోయినై. వెన్ను వంగింది వంగినట్టే గట్టిపడిపోయింది. నీది ఇంకా వంగలేదు. ఇక నీ ఇష్టం."

అప్పటినుంచి ఆయన నా వెంటపడ్డారు. "మందు డాక్టరుది, కదలిక మనది" అనేవారు. పేపర్లు దిద్దుతూ నేను పీరియడంతా కూర్చుండిపోతే గుమ్మంలో విజిల్ వినపడేది. ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలకు తీరిక లేదన్నాను. "మీవాడు పాకే ముందు బోర్లాపడి ఛాతీ ఎత్తుతాడు గదా? వాడి పక్కన నువ్వూ పడుకుని అదే చెయ్యి. వాడికి మించిన కోచ్ దొరకడు" అన్నారు. నిజంగానే అలా మొదలుపెట్టాను. మా అత్తగారు ముందు కంగారుపడి, తర్వాత ఇద్దరికీ కలిపి ఒకే దుప్పటి పరిచేవారు.

రెండేళ్ళకు ఒళ్ళు బాగుపడింది. బాగుపడిందిగా అని నేను ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాను. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే అదే. కాకపోతే నేనింకా ఏటి మధ్యలోనే ఉన్నాను.

అది మిర్చి సీజను. పెనుగంచిప్రోలు చుట్టుపక్కల కల్లాల్లో కాయలు ఆరబోస్తే, ఆ దారిన ఆటోలో వచ్చేవాళ్ళందరికీ కళ్ళు మండుతాయి. నా కుడికన్ను ఎర్రబడితే ఘాటనుకున్నాను. నీళ్ళతో కడుక్కుని, నల్లద్దాలు పెట్టుకుని స్కూలుకు వెళ్ళాను.

"ఎండ చూస్తే పోటొస్తందా?" అన్నారు సార్, అద్దాలు తీయించి చూసి.

"వస్తంది. మిరప ఘాటు సార్."

"ఘాటైతే రెండు కళ్ళూ మండాలి గదా. ఒక్కదానికే ఎందుకొచ్చింది? మాత్రలు మానేసావా?"

నేను అద్దాలు మళ్ళీ పెట్టుకున్నాను. ఆయన తన కుడికన్ను చేత్తో మూసుకున్నారు. "ఇట్టా మూస్తే నీ చీర రంగు తెలుస్తంది, నీ మొహం కనపడదు. నేనూ మిరప ఘాటే అనుకుని పది రోజులు కడుక్కుంటా కూర్చున్నా. ఈ జబ్బు కంటిలోపల కూడా వాస్తదని నాకు చెప్పినోళ్ళు లేరు. నీకు చెప్పినా వినవు."

ఆయనకు ఒక కన్ను సరిగా కనపడదని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రమే కంటి ఆసుపత్రికి వెళ్ళాం. ఇంకా ఆలస్యం చేసి ఉంటే చూపు దెబ్బతినేదన్నారు. మళ్ళీ డాక్టర్ని అడగకుండా ఒక్క మాత్ర కూడా మానలేదు. ఈ మాటలు రెండు కళ్ళతోనూ చూస్తూ రాస్తున్నాను. అది ఆయన చలవే.

కబురు వచ్చిన మధ్యాహ్నం నందిగామలో సార్ ఇంటికి వెళ్ళాను. వరండాలో జనం. స్నానానికని ఆయన్ని చాప మీదికి దించారు. బంధువుల్లో ఒక పెద్దాయన, తల నేలకు ఆనాలని తలగడ పక్కకు లాగారు. తల ఆనలేదు. చాపకు జానెడు ఎత్తులో అలాగే నిలిచింది. పెద్దాయన నుదుటి మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కబోయారు.

"వద్దు బావగారూ" అన్నారు సార్ భార్య. "ఆ తల కిందకి ఆని ముప్ఫయ్యేళ్ళయింది. తలగడ పెట్టండి."

ఎవరూ కదల్లేదు. తలగడ నా కాళ్ళ దగ్గర పడి ఉంది. నేను వంగి దాన్ని తీసుకుని, చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆయన తల కింద సర్దాను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడ్డాను.