మూరెడు రీలు

ఆ ఆల్బమ్ వచ్చి ఐదేళ్లయిందని, ముగ్గురం కూర్చుని విందామని హన్మకొండ నుంచి మా స్నేహితురాలు కార్డు రాసింది. అందులో పాడిన గాయనికైనా ఆ తేదీ గుర్తుందో లేదో గానీ మాకు మాత్రం పండగే కావాలట. చదివి నవ్వాను. కానీ ఆ ఆల్బమ్ విషయంలో నేను చేసిన పని ఒకటి ఎవరికీ చెప్పకుండా దాచుకుని ఉన్నాను.

ఎనభైల మొదట్లో, ఇంటర్ చదివే రోజుల్లో, వరంగల్ చౌరస్తాలో ముగ్గురం కలిసి ఆ క్యాసెట్ కొన్నాం. సినిమా పాటలు కావు, హిందీలో పాప్ పాటలు. మా ఇళ్లలో పెద్దవాళ్లకు అవి అసలు పాటల్లాగే అనిపించేవి కావు. అందుకే మాకు అంత పిచ్చి. వారానికొకరి ఇంట్లో ఉంచుకోవాలని ఒప్పందం, మొదటి వారం నాది. మిగతా ఇద్దరూ ఇంకా విననే లేదు. రెండో రోజు మధ్యాహ్నానికే మా టేప్‌రికార్డర్ రీలును నమిలేసింది. అమ్మ కుట్టుమిషను డబ్బాలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి క్యాసెట్ విప్పాను. నలిగిపోయిన మూరెడు రీలును బ్లేడుతో కోసేసి, కొసలు రెండూ గోళ్లరంగుతో అతికించాను. మూడో పాటలో రెండో చరణం మొదటి రెండు లైన్లు పోయాయి. తాళం కూడా తప్పకుండా అతుకు కుదిరిందని మురిసిపోయాను.

రెండో వారం మాలో బాగా పాడే పిల్ల దాన్ని తీసుకుపోయింది. మూడో పాట నేర్చుకుని కాలేజీ వార్షికోత్సవానికి పేరిచ్చింది. మా ఇంటికొచ్చి నాకు పాడి వినిపించింది. ఆ రెండు లైన్లు లేకుండానే పాడింది.

"ఎట్లున్నదే?" అని అడిగింది.

"మస్తుగున్నదే," అన్నాను.

చెబితే క్యాసెట్ పాడుచేసింది నేనేనని తెలిసిపోతుంది. అంతే నా భయం. అంత చిన్న విషయానికి నోరు మూసుకున్నాను, ఏం మనిషినో!

ఊళ్లోని ఆర్కెస్ట్రా వాళ్లను పిలిచారు, వాళ్లకు ఆ పాట మొత్తం వచ్చు. ముందురోజు రిహార్సల్ ఉంటే, మగపిల్లల నడుమకు పోవద్దని వాళ్ల బాపు ఆపేశాడు. స్టేజీ మీద రెండో చరణం వచ్చేసరికి వాళ్లదొక దారి, ఆమెదొక దారి అయింది. ఆగింది, మళ్లీ అందుకుంది, మళ్లీ తప్పింది. వెనక వరుసల్లో ఈలలు మొదలయ్యాయి. ఒక సారు మైకు అందుకుని, "బయానికి రెండు లైన్లు మింగేసింది, పాపం," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మాట ఆమె నమ్మింది. మర్నాడు క్యాసెట్ తెచ్చి నా చేతిలో పెట్టి, "నాకొద్దు, మీరే ఉంచుకోండ్రి," అంది. మళ్లీ ఆమె పాడగా నేను వినలేదు.

ఇప్పుడు కార్డు అందుకుని ఆమె కూడా హన్మకొండకు వచ్చింది, ములుగులోని అత్తగారింటి నుంచి, రెండేళ్ల కూతుర్ని చంకనేసుకుని. హన్మకొండ స్నేహితురాలు మా పాత క్యాసెట్ అడగలేదు, కొత్తది కొని పెట్టింది. మూడో పాట వచ్చింది. ఆ రెండు లైన్లూ వచ్చాయి. ఆమె తల వంచుకుంది.

"ఇవ్వే సూడుండ్రి. గంత మంచిగ నేర్చుకుంటి, ఎట్ల మర్చిపోయిన్నో ఇప్పటికీ సమజ్ కాదు."

ఇక ఉండబట్టలేక మొత్తం చెప్పేశాను. నమిలిన రీలు, బ్లేడు, గోళ్లరంగు, అన్నీ. హన్మకొండ స్నేహితురాలు లేచి టేప్ ఆపింది.

"మిషన్ నమిలితే నీ తప్పేమున్నది?" అంది పాడే ఆమె, నెమ్మదిగా. "గని మీ ఇంట్ల పాడి సూపిచ్చిన గదా. గప్పుడు నీకెరుకేనా?"

"ఎరుకే."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఇంతలో పిల్ల ఏడుపు అందుకుంది. ఆమె ఒళ్లోకి తీసుకుని ఊపసాగింది.

"నిద్రకు ఏడుస్తాంది. ఏదన్న పాడరాదే," అంది హన్మకొండ స్నేహితురాలు, మాట మార్చడానికి.

"దీనికి మా అత్త పాడుతది. నేను ఒక్కనాడు గూడ పాడలే. మొదలువెడితే నడుమల మర్చిపోతనేమోనని బయం."

నా వైపు చూడకుండానే అంది. పిల్ల ఎంతసేపటికీ నిద్రపోలేదు.