తొమ్మిది దగ్గర ఆగిన మిషను

రత్నాలమ్మకు ఢిల్లీశ్వరరావు మొదటి వారం నుంచే గిట్టలేదు. అతనికీ ఆమె గిట్టలేదు. కాశీబుగ్గలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె వార్డు దుప్పట్లు వాషింగ్ మిషనులో ఉతుకుతుంది. అతను అక్కడికి కొత్తగా వచ్చిన మేనేజరు.

ఆమెది వజ్రపుకొత్తూరు వైపు సముద్రపు ఒడ్డున ఊరు. ఇరవై ఏళ్లు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఉద్దానం ఊళ్లన్నీ తిరిగింది. మెడ నరం పట్టేశాక గంప దించేసి ఈ పనిలో చేరింది. బేరాల దగ్గర అరిచి అరిచి గొంతు పెద్దదయింది. ఎవరైనా ఒక మాటంటే ఊరుకునే మనిషి కాదు. ఆయాలెవరూ ఆమె జోలికి వెళ్లేవారు కాదు.

మేనేజరు మాత్రం వెళ్లాడు. బటను నొక్కగానే మిషను మీద యాభై ఎనిమిది నిమిషాలని పడుతుంది. కానీ దుప్పట్లు ఒకరోజు గంటలో వస్తే, ఇంకోరోజు గంటన్నరకు గాని రావడం లేదు. అతను గోడకు ఒక కాగితం అంటించి, ఏ లోడు ఎప్పుడు వేసిందీ ఎప్పుడు తీసిందీ నర్సు షాలిని చేత రాయించాడు. వారం తిరిగాక ఆ కాగితం పట్టుకుని అందరి ముందూ నిలదీశాడు.

"మంగళవారం యాభై ఎనిమిది, బుధవారం తొంభై ఐదు. అదే మిషను, అదే బటను. మధ్యలో ఆపేసి ఎక్కడికెళ్తున్నావు?"

"నానెక్కడికెల్లాను? తలుపు కాడే కూకున్నాను."

"మిషను అబద్ధం చెప్పదు."

"అయితే నాను సెప్తన్నానా?"

సాయంత్రం ఆమె చేతికి మెమో వచ్చింది. షాలిని గొంతు తగ్గించి చదివి వినిపించింది. పని ఎగ్గొట్టడానికి మిషను మధ్యలో ఆపేస్తోందని అందులో ఉంది. రత్నాలమ్మకు ఒళ్లు మండిపోయింది. గంప మోసిన రోజుల్లో నీచు కంపని ముక్కు మూసుకున్నవాళ్లున్నారు గాని, పనిదొంగ అన్నవాళ్లు లేరు.

మర్నాడు పొద్దున్నే అతని గదిలోకి వెళ్లింది.

"సారూ, ఒక్క లోడు మొత్తం కూకుని సూడండి. మద్దిలో లెగిసెల్లిపోతే ఒప్పుకోను."

దొరికిపోతుందనే ధీమాతో అతను కుర్చీ వేయించుకుని మరీ కూర్చున్నాడు.

ఆమె దుప్పట్లు వేసి బటను నొక్కింది. మిషను నీళ్లు పట్టకుండానే అటూ ఇటూ తిరిగింది.

"ఏటి సేత్తందో తెలుసునా? బరువు సూసుకుంటంది. గుడ్డలెక్కువైతే టయిమెక్కువ."

తర్వాత నీళ్లు సన్నధారగా పడ్డాయి. ఆ వేళప్పుడు క్యాంటీనూ బాత్‌రూములూ అన్నీ ఒకే ట్యాంకు నీళ్లు లాగుతాయి. పన్నెండు నిమిషాలు గడిచినా అంకె కదల్లేదు. అతను ఫోను చూసుకున్నాడు.

"నీలు నిండినదాకా ఇంతే. సలికాలం ఆ నీలు ఏడెక్కడానికి ఇంకో పావుగంట."

కొంతసేపటికి అద్దం నిండా నురగ పొంగింది. ఇరవై ఒకటి ఉన్న అంకె కాస్తా ముప్ఫై అయింది.

"ఇదేంటి, పెరిగింది?" అతను ముందుకు వంగాడు.

"నురగ పోనేదు. మల్లీ కడుగుతాది. మీరొచ్చినాక సేత్తో ఉతికే పౌడరు తెప్పించినారు. ఈ మిషనుకది పనికిరాదని నాను సెప్పినాను. 'నీకేం తెలుసు' అన్నారు."

అతను మళ్లీ కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.

తొమ్మిది నిమిషాలున్నాయనగా మిషను గట్టిగా తిరగబోయి, దడదడలాడి ఆగింది. దుప్పట్లన్నీ ఒక పక్కకు ముద్దయిపోయాయి. మెల్లగా విదిలించి మళ్లీ తిప్పింది. మళ్లీ ఆగింది. అంకె తొమ్మిది దగ్గరే ఉంది.

"సరే, చాలు," అని అతను లేచాడు.

రత్నాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "కూకోండి!"

ఆ కేక వార్డు దాకా వినబడింది. అతను కూర్చున్నాడు.

"బరువంతా ఓ పక్కనుండగా తిరిగితే మిషను ఇరిగిపోద్ది. అందుకే ఆగి సర్దుకుంటంది. నాలుగేల్లుగా దీని ముందే కూకున్నాను, బాగుసేసినోడు ఒచ్చినప్పుడల్లా అడిగినాను. ముందుపడిన అంకె ఒట్టి అంచనా. లోపల ఏటి జరిగితే దాన్ని బట్టే టయిము."

లోడు పూర్తయ్యేసరికి తొంభై ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆమె గోడ మీది కాగితం పీకి, పెన్నుతో సహా అతని ఒళ్లో పెట్టింది.

"రాయండి. మీ సేత్తోనే రాయండి."

అతను రాశాడు. ఆమె మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

మూడు రోజుల్లో ఇదివరకటి మిషను పౌడరు మళ్లీ వచ్చింది. అసలు లోపం తానే కనిపెట్టానని అతను పెద్ద డాక్టరుకు చెప్పుకున్నాడట. షాలిని ఆ మాట చెప్పగానే రత్నాలమ్మ తడి చేతులతోనే డాక్టరు గదిలోకి వెళ్లి, మేనేజరు ముందే జరిగిందంతా చెప్పింది. డాక్టరు మెమో వెనక్కి తీసుకోమన్నాడు. రద్దు చేసినట్టు కాగితం వచ్చింది గాని, మేనేజరు నోటి నుంచి పొరపాటైందన్న మాట రాలేదు.

ఇప్పుడు లోడు గంటా అయిదు నిమిషాల్లో అవుతోంది. నీళ్లు సన్నగా వచ్చిన రోజు ఇంకాస్త పడుతుంది, ఎవరూ అడగరు. అతను మిషను గది వైపే రాడు. ఏం కావాలన్నా షాలినితో కబురు పెడతాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకుని ఏడు నెలలైంది.

"పోనీలే పిన్నీ, ఒప్పుకున్నాడు కదా," అంది షాలిని ఒకరోజు.

"మిషను సంగతి ఒప్పుకున్నాడు. నన్నన్న మాట తప్పని ఒప్పుకోనేదు," అని రత్నాలమ్మ తడి దుప్పట్లు బయటికి లాగింది.